రోగం కార్బురేటర్‌కు కాదు, మోవర్‌ను పడుకోబెట్టే తీరుకు

ప్రశ్న: బెంగళూరు దగ్గర హొసకోటె వైపు ఎకరంన్నరలో లాన్ గడ్డి పెంచి అపార్టుమెంట్లకు అమ్ముతున్నాను. గడ్డి కోసే నా ఫోర్ స్ట్రోక్ పెట్రోలు మోవర్ నెల రోజులుగా పొద్దున స్టార్ట్ కావడం లేదు. చోక్ వేసి ఇరవై, ముప్పై సార్లు తాడు లాగుతున్నా. పెట్రోలు వాసన గుప్పుమంటుంది. రెండు ప్లగ్గులు మార్చాను. కార్బురేటర్ పోయిందని డీలర్ కొత్తది అంటగట్టాడు, ఇంకా బిగించలేదు. రోజూ సాయంత్రం మోవర్‌ను పక్కకు పడుకోబెట్టి అడుగున గడ్డి కడుగుతాను. ఏం చేయాలి?

జవాబు: మీ చివరి వాక్యంలోనే జవాబు ఉంది. ఎయిర్ ఫిల్టర్ కిందికి వచ్చేలా పడుకోబెడుతున్నట్టున్నారు. అప్పుడు పెట్రోలు ఫిల్టర్‌లోకీ సిలిండర్‌లోకీ దిగుతుంది, ఇంజన్ ఆయిల్ కూడా దాని వెంటే పోతుంది. పొద్దున ఇంజన్‌కు గాలి తగ్గించే చోక్ వేసి ముప్పై సార్లు లాగితే ఇంకొంచెం పెట్రోలు తోడిపోసినట్టే. తడిసిన ప్లగ్గు మంట పెట్టదు. పాత ప్లగ్గులు పారేయకండి, ఆరితే అవే పనికొస్తాయి.

ముందు మోవర్‌ను షెడ్డులోంచి బయటికి తీయండి. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేలమీదే పరుచుకుంటుంది. అదే షెడ్డులో బోరు మోటారు స్టార్టర్ ఉంటే దాని నిప్పురవ్వ చాలు. ఇంజన్ చల్లారాక పెట్రోలు ట్యాప్ కట్టేసి, ప్లగ్గు క్యాప్ లాగి, ప్లగ్గు విప్పి గుడ్డతో తుడవండి. ఇంజన్‌కు విడిగా స్విచ్ ఉంటే ఆఫ్‌లో పెట్టి, క్యాప్‌ను రంధ్రానికి దూరంగా ఉంచి, తాడు 5, 6 సార్లు లాగండి. రంధ్రంలోంచి పెట్రోలు చిమ్ముతుంది, ముఖం అటు పెట్టకండి. స్విచ్ లేకుండా హ్యాండిల్ మీది బార్ పట్టుకుంటేనే తాడు కదిలే రకమైతే ఈ లాగుడు వద్దు. ప్లగ్గు తీసి 30 నిమిషాలు వదిలేయండి, టీ తాగి రండి.

షాపులో కుర్రాళ్లు ప్లగ్గును ఇంజన్ బాడీకి ఆనించి స్పార్క్ చూపిస్తుంటారు. పెట్రోలు చిమ్మే రంధ్రం పక్కనే నిప్పురవ్వ! దాన్ని మీరు నేర్చుకోకండి.

ప్లగ్గు కొనలో నిప్పురవ్వ దూకే గ్యాప్ 0.7 నుంచి 0.8 మి.మీ. ఉండాలి. మొదట చేత్తోనే తిప్పి, వాషర్ ఆనాక పాత ప్లగ్గును స్పానర్‌తో పావు చుట్టు, కొత్తదైతే అర చుట్టు బిగిస్తే చాలు. స్టార్ట్ చేసే ముందు ఆయిల్ డిప్‌స్టిక్ చూడండి. మట్టం గుర్తు దాటినా, పెట్రోలు వాసన వచ్చినా ఆ ఆయిల్ మొత్తం దించి కొత్తది పోయాల్సిందే. పలచబడిన ఆయిల్‌తో నడిపితే ఇంజన్ అరిగిపోతుంది. ఇప్పుడు చోక్ పూర్తిగా తీసేసి, థ్రాటిల్ ఫుల్‌లో పెట్టి లాగండి. అంటుకున్నాక ట్యాప్ తెరవండి. రెండు మూడు నిమిషాలు తెల్లటి పొగ వస్తే టెన్షన్ పడొద్దు, లోపలికి పోయిన ఆయిల్ కాలుతోంది. పది లాగుళ్లకూ అంటుకోకపోతే ఆపండి. తాడు రాయిలా బిగుసుకుంటే అసలే బలవంతం చేయకండి, సిలిండర్‌లో ఇంకా ఆయిల్, పెట్రోలు నిలిచి ఉన్నాయి.

ఇక ఫిల్టర్. నా దగ్గరికి వచ్చే మోవర్ల ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే, డీలర్లు మాత్రం దాని ఊసెత్తరు. మూసుకుపోయిన ఫిల్టర్ అంటే రోజంతా చోక్ వేసి నడిపినట్టే. పైగా బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, గాలి కాస్త పలచన. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బునీళ్లలో కడిగి, పూర్తిగా ఆరాక నాలుగు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి పిండండి. కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు. మీది పెట్రోలు తాగి ఉంటే మార్చేయండి. మామూలుగా 25 గంటల పనికోసారి శుభ్రం చేయాలి. ఎండాకాలం దుమ్ములో ఇంకా ముందే.

అడుగున గడ్డి తీయాలంటే ట్యాప్ కట్టి, ప్లగ్గు క్యాప్ పీకాకే చెయ్యి పెట్టండి. చేత్తో బ్లేడు తిప్పినా ఇంజన్ అంటుకోవచ్చు. ఫిల్టర్, కార్బురేటర్ ఉన్న వైపు ఎప్పుడూ పైకి ఉండాలి. నీళ్లెందుకు? చెక్కముక్కతో గీకితే రాలిపోతుంది.

ఇవన్నీ చేశాక, ట్యాప్ తెరిచి ఉంచితే కార్బురేటర్ నుంచి పెట్రోలు కారుతూనే ఉందా? అప్పుడు కార్బురేటర్‌లోకి పెట్రోలు రాకను ఆపే చిన్న సూదిని, అంటే ఫ్లోట్ నీడిల్‌ను, మార్పించండి. కొత్త కార్బురేటర్‌ను మాత్రం ప్యాకింగ్ విప్పకుండా రేపే వెనక్కి ఇచ్చేయండి.