టెక్ సందేహాలు: డబ్బా దొరికితే సరా, చోటు చూడొద్దూ?

ఈ మధ్య వచ్చిన ఉత్తరాల్లో జియోక్యాషింగ్ గురించి అడిగినవే ఆరున్నాయి. ఎవరో దాచిన డబ్బాను ఫోన్‌లోని జీపీఎస్ సాయంతో వెతికి, అందులోని పుస్తకంలో పేరు రాసి, తిరిగి అక్కడే పెట్టేసి రావడం ఈ ఆట. నాకు ఎంతో ఇష్టమైన సంగతి. అందుకే ఈ వారం మిగతా ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: సియాటెల్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చాం. మొన్న ఆదివారం పార్కులో మా మనవడు చెక్క వంతెన కింద చెయ్యి పెట్టి టిఫిన్ డబ్బా లాంటిది తీశాడు. లోపల గోళీలు, పిన్నీసు, చిన్న నోటుబుక్కు. పేరు రాసి మళ్లీ అక్కడే దాచేశాడు. ‘నిధి’ అంటాడు. ఎవరు పెడతారు ఇవన్నీ? ఎందుకు? – గుంటూరు పాఠకురాలు

జవాబు: మీ మనవడు సరిగ్గానే చెప్పాడమ్మా. ఆడేవాళ్లు దాన్ని ‘క్యాష్’ అంటారు. రొక్కం అనే క్యాష్ కాదు, దాచిపెట్టిన సరుకు అని అర్థం. దాచినవాళ్లు ఆ చోటు అక్షాంశ రేఖాంశాలను జియోక్యాషింగ్ డాట్ కామ్‌లో పెడతారు. ఆసక్తి ఉన్నవాళ్లు వాటిని పట్టుకుని బయల్దేరతారు.

దీనికి పుట్టినరోజు కూడా ఉంది. 2000 మే 1 వరకు అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే జీపీఎస్ సిగ్నల్‌ను కావాలనే కాస్త చెడగొట్టి పంపేది. దాంతో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. అధ్యక్షుడు బిల్ క్లింటన్ ఆదేశంతో ఆ అర్ధరాత్రి నుంచి అది ఆగిపోయింది. నిన్నటిదాకా ‘ఈ వీధిలో ఎక్కడో’ అన్న పరికరమే తెల్లారేసరికి ‘ఈ చెట్టు దగ్గర’ అనడం మొదలుపెట్టింది. మే 3న డేవ్ అల్మర్ అనే కంప్యూటర్ కన్సల్టెంట్ ఆరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర, అడవిలో ఒక నల్ల బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో పుస్తకాలు, సీడీలు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా ఉన్నాయి. ఏదైనా తీసుకుంటే బదులు ఏదైనా పెట్టండి, పుస్తకంలో రాయండి అన్నదొక్కటే నియమం. మూడు రోజుల్లోనే ఒకాయన కనిపెట్టేశాడు. ఇప్పుడు ప్రపంచమంతటా 30 లక్షలకు పైగా క్యాష్‌లు ఉన్నాయి. మొదటి బకెట్‌లో తిండి ఉన్నా, ఇప్పుడు తినేవి పెట్టనివ్వరు. వాసనకు జంతువులొచ్చి డబ్బా కొరికేస్తాయి.

ఎందుకు పెడతారన్నది మంచి ప్రశ్న. దానికి జవాబు డాలస్ పాఠకుడి ఉత్తరం దగ్గర రాశాను, అదీ చదవండి. ఈలోగా మనవడితో ఇంకో రెండు చోట్లకు వెళ్లిరండి. మోకాళ్లకు ఇబ్బంది అనుకుంటే, ప్రతి క్యాష్‌కూ నేల ఎలా ఉంటుందో చెప్పే ‘టెరైన్’ మార్కు ఉంటుంది. 1 నుంచి 5 వరకు ఇస్తారు. 1, 1.5 ఉన్నవాటికే తీసుకెళ్లమనండి.

ప్రశ్న: సైట్‌లో ఇచ్చిన అంకెలు కొడితే ఫోన్ ఊరి బయటెక్కడికో తీసుకెళ్లింది. ఇంకోసారి సరైన చోటికే వెళ్లినా, మూడు మీటర్లే అంటూ బాణం గిర్రున తిరుగుతోంది. గంట వెతికినా దొరకలేదు. ఫోన్ మార్చాలా? – హైదరాబాద్ విద్యార్థి

జవాబు: ఫోన్ మార్చక్కర్లేదు. మొదటిది అంకెల గొడవ, రెండోది పద్ధతి గొడవ.

గూగుల్ మ్యాప్స్‌లో మామూలుగా కనిపించేవి దశాంశ డిగ్రీలు. జియోక్యాషింగ్‌లో డిగ్రీలు, దశాంశ నిమిషాలు వాడతారు. చార్మినార్‌నే తీసుకుందాం. మ్యాప్స్‌లో 17.3616, 78.4747 అని ఉంటుంది. చుక్క తర్వాతి భాగాన్ని 60తో గుణించాలి. 0.3616ను గుణిస్తే 21.696. అంటే ఉత్తరం 17 డిగ్రీల 21.696 నిమిషాలు. అలాగే తూర్పు 78 డిగ్రీల 28.482 నిమిషాలు. గుణించకుండా 17 డిగ్రీల 36.16 నిమిషాలు, 78 డిగ్రీల 47.47 నిమిషాలు అని కొట్టేస్తే చార్మినార్‌కు 40 కిలోమీటర్ల పైనే దూరంలో తేలతారు. మీకు జరిగింది ఇదే అయ్యుంటుంది. జియోక్యాషింగ్ యాప్‌లోంచి నేరుగా ‘నావిగేట్’ నొక్కితే ఈ తిప్పలుండవు.

ఇక రెండోది. ఆ నిమిషాల్లో చివరి అంకె ఒకటి మారితే నేల మీద దాదాపు ఆరడుగుల తేడా. కాగితం మీద అంత కచ్చితంగా కనిపిస్తుంది కానీ, ఆకాశం బాగా కనిపించే చోట కూడా మన ఫోన్ ఐదు మీటర్ల వరకు తప్పుతుంది. దాచినాయన ఫోనూ అంతే తప్పి ఉండొచ్చు. రెండూ కలిస్తే పది మీటర్లు. పది మీటర్ల వ్యాసార్థంతో గిరి గీస్తే దాదాపు 375 గజాల స్థలం. ఇల్లు కట్టుకోవడానికి సరిపోయే ప్లాటంత చోటులో మీరు వేలెడంత డబ్బా కోసం వెతుకుతున్నారన్నమాట. పెద్ద చెట్ల కింద, ఎత్తైన గోడల పక్కన ఇంకా ఎక్కువ తప్పుతుంది. ఉపగ్రహం సిగ్నల్ నేరుగా రాకుండా గోడకు తగిలి వస్తే, ఆలస్యమైన ఆ కొద్ది క్షణాన్ని ఫోన్ దూరంగా లెక్కేసుకుంటుంది.

అందుకే పది మీటర్ల లోపుకి వచ్చాక ఫోన్ జేబులో పెట్టేయండి. లేదంటే ఇరవై మీటర్లు వెనక్కెళ్లి, మూడు వైపుల నుంచి నడుచుకుంటూ వచ్చి, బాణాలు ఎక్కడ కలుస్తున్నాయో చూడండి. ఫోన్ కవర్‌కు అయస్కాంతం ఉంటే తీసేయండి, దిక్సూచి దానికి లొంగిపోతుంది. గాల్లో 8 అంకెలా రెండుసార్లు తిప్పితే సర్దుకుంటుంది. ఆ తర్వాత మీ కళ్లకు పని చెప్పండి. నేనైతే ఎక్కడ దాస్తాను అని అడుగుతూ చూడండి. మిగతావాటికి భిన్నంగా పేర్చిన రాళ్లు, తుప్పు లేని ఒకే ఒక్క బోల్టు, ఎండాకు కుప్ప ఒక పక్కనే ఎత్తుగా ఉండటం, ఇలాంటివి దొరికిస్తాయి. అప్పటికీ కాకపోతే ‘హింట్’ నొక్కండి. అందులో తప్పేం లేదు.

ప్రశ్న: నేనూ నా భార్యా ఏడాదిలో 200 క్యాష్‌లు కనిపెట్టాం. సగానికి పైగా మాల్ పార్కింగ్‌లో దీపస్తంభం అడుగున రేకు పైకెత్తితే దొరికేవే. విసుగొచ్చేసింది. మంచివి ఎలా ఎంచుకోవాలి? మేమే ఒకటి దాచాలనుకుంటున్నాం, ఎలా ఉండాలి? – డాలస్ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: విసుగు రావడం సహజం. లెక్క పెరుగుతుంది, గుర్తు మాత్రం ఒక్కటీ ఉండదు.

ఎంచుకోవడం ముందు చెబుతాను. డబ్బు కట్టే సభ్యులకు పది క్యాష్‌లు దొరికించినప్పుడల్లా ఒక ‘ఫేవరెట్ పాయింట్’ వస్తుంది. బాగా నచ్చిన క్యాష్‌కు అది ఇవ్వొచ్చు. పదింటికి ఒక్కటే కాబట్టి జనం ఆచితూచి ఇస్తారు. మొత్తం పాయింట్లు కాకుండా శాతం చూడండి. వెయ్యి మంది చూసిన చోట యాభై పాయింట్ల కన్నా, ముప్ఫై మందే వెళ్లిన చోట ఇరవై పాయింట్లు ఎక్కువ నమ్మదగ్గవి. ఆ తర్వాత వెళ్లొచ్చినవాళ్ల మాటలు చదవండి. ‘దొరికింది, థాంక్స్’ అని ఒక్క ముక్కే రాశారంటే అక్కడ చూసేది ఏమీ లేదన్నమాట. నాలుగు వాక్యాలు రాశారంటే ఏదో ఉంది.

ఎలా ఉండాలన్నదానికి నేను మరచిపోలేనిది ఒకటి చెబుతాను. ఒక అక్టోబరులో సియాటెల్ దగ్గర ఒక చిన్న వాగు మీది కాలి వంతెనకు వెళ్లాను. కమ్మీ కింద తాడుతో కట్టిన డబ్బా, చేతికి వెంటనే అందింది. కష్టమేమీ లేదు. మూత నాలుగు వైపులా గట్టిగా బిగిసే రకం. లోపల జిప్ కవర్‌లో పుస్తకం, చెక్కిన పెన్సిల్ ముక్క, ఎవరో పాప వదిలిన హెయిర్ క్లిప్పు. పుస్తకం మొదటి పేజీలో దాచినాయన రాశాడు: పేరు రాయడానికి తొందరేం లేదు, ముందు ఐదు నిమిషాలు కింద నీళ్లలోకి చూడండి అని. చూశాను. మొదట రాళ్లే అనుకున్నాను. కాసేపటికి ఆ రాళ్లలో ఒకటి తోక ఆడించింది. ఎర్రబారిన సాల్మన్ చేపలు, మోచేయంత పొడవువి, సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వస్తున్నాయి. వరద గోదావరికి పులస ఎదురెక్కే సంగతి తెలిసినవాణ్ణి కాబట్టి అక్కణ్ణుంచి కదల్లేకపోయాను. ఆ వంతెన మీదుగా రోజూ ఎంతమంది నడుస్తారో! ఆ డబ్బా లేకపోతే నేనూ వాళ్లలో ఒకణ్ణయ్యేవాణ్ణి.

మనవడికి దొరికిన డబ్బా ఎందుకు పెట్టారని అడిగిన గుంటూరు అమ్మకు కూడా ఇదే జవాబు. తనకు తెలిసిన చోటుకి, తనెప్పుడూ చూడని మనుషుల్ని పిలవాలని.

ఆ వంతెనకు వెళ్లడానికి రెండు రోజుల ముందు ఇంకోటి తెరిచాను. ఎవరూ ఏళ్ల తరబడి తిరిగి చూడని డబ్బా. మూత విరిగి, వాన నీళ్లు చేరి, పుస్తకం నానిన అటుకుల ముద్దలా ఉంది. పేరు రాయడానికి పొడి కాగితం ముక్క లేదు. చోటు బాగుంది, కానీ ఆ వాసనే గుర్తుంది.

కాబట్టి ముందు మీరు జనానికి చూపించాలనుకునే చోటు తేల్చుకోండి. డాలస్ చుట్టూ చెరువుగట్లు, పాత రైలు దారుల మీది నడక బాటలు ఉన్నాయి కదా. నెలలో రెండుసార్లయినా మీరు అటు వెళ్లేలా ఉండాలి, లేకపోతే డబ్బా బాగోగులు చూడలేరు. స్థలం ఎవరిదో వాళ్ల అనుమతి తీసుకోండి, పార్కుల శాఖలు చాలాచోట్ల ఇస్తాయి. ఇంకో క్యాష్‌కు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలన్నది సైట్ నియమం. డబ్బా పట్టేంత చోటుంటే కాస్త పెద్దదే పెట్టండి, పిల్లలకు ఇచ్చిపుచ్చుకోవడానికి ఉంటుంది. అంకెలు ఒక్కసారి చూసి రాసేయొద్దు. మూడు వేర్వేరు రోజుల్లో చూసి సగటు తీయండి. అన్నిటికన్నా ముఖ్యంగా ఆ చోటు గురించి మీ మాటల్లో పది వాక్యాలు రాయండి. కష్టంగా దాచడమే గొప్ప అనుకుంటారు చాలామంది. అడవిలో లక్ష రాళ్ల మధ్య గోరంత డబ్బా పడేయడానికి తెలివి అక్కర్లేదు. అదే పిట్టగూడు ఆకారంలో చేతులారా చెక్కి, కళ్లెదుటే పెట్టి, పదిమంది చూస్తూనే దాటిపోయేలా చేశారనుకోండి, అప్పుడు దొరికినవాడు మిమ్మల్ని తలుచుకుంటాడు.

ప్రశ్న: శాన్ హోసేలో ఒక డబ్బాలోంచి మా పాప నంబరున్న లోహపు బిళ్ల తెచ్చుకుంది. ఇంటికొచ్చాక చూస్తే ‘ట్రావెల్ బగ్’ అని ఉంది. ఉంచుకోవచ్చా? – ఒక తల్లి

జవాబు: ఉంచుకోకూడదు. అది ప్రయాణికుడు. బిళ్ల మీది నంబరును సైట్‌లో కొడితే దాని యజమాని ఎవరు, ఎక్కడికి చేరాలనుకుంటున్నారు అన్నది కనిపిస్తుంది. పాప చేతే నంబరు కొట్టించి, ఇంకో డబ్బాలో వేయించండి. ఆ తర్వాత అది ఏ ఊరు చేరిందో మ్యాపులో చూసుకోవచ్చు. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్‌లో కూడా ఇలాంటి నంబరొకటి ఉందని చెప్పండి, ఇచ్చేయడానికి బాధపడదు.

ప్రశ్న: విశాఖలో సైన్స్ టీచర్‌ని. మా పిల్లలతో ఇది ఆడించొచ్చా? – ఒక పాఠకుడు

జవాబు: తప్పకుండా ఆడించండి, డబ్బాల విషయంలో మాత్రం జాగ్రత్త. ఎవరిదో తెలియని వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దని మన బస్టాండ్లలో, రైల్వే స్టేషన్లలో మైకులో చెబుతూనే ఉంటారు. ఆ భయం న్యాయమైనదే. ఇంగ్లండ్‌లోని వెదర్బీలో 2011లో ఒక కెఫే బయట దాచిన క్యాష్‌ను బాంబనుకుని సైన్యం పేల్చేసింది. కాబట్టి డబ్బాలు బడి ఆవరణలోనే, అందరికీ చెప్పి, లోపలిది కనిపించే పారదర్శకమైన వాటిలో పెట్టండి. పొదల్లో, రాళ్ల సందుల్లో వద్దు. మన దగ్గర పాములు, తేళ్ల సంగతి మీకు చెప్పక్కర్లేదు. పిల్లలు చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిపి చూడాలి.

బయటికి తీసుకెళ్లాలంటే మీకు ఇంకా మంచి దారి ఉంది. అమెరికా భూవిజ్ఞాన సంఘం 2004లో మొదలుపెట్టిన ‘ఎర్త్‌క్యాష్’లో డబ్బానే ఉండదు. పిల్లలు ఆ చోటికి వెళ్లి, నేలను చూసి, ప్రశ్నలకు జవాబులు రాస్తారు. విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు మీ గుమ్మంలోనే ఉన్నాయి. వాన నీరు ఇసుకను ఎటు కోసుకుంటూ పోయింది? ఎరుపు ఎక్కడ ముదురుగా ఉంది, ఎక్కడ పసుపులోకి తిరిగింది? గట్టు ఎత్తును మీ ఎత్తుతో పోల్చి చెప్పండి. ఇలాంటి ప్రశ్నలు చాలు. అవి రక్షిత దిబ్బలు, పిడికెడు మట్టి కూడా తేవద్దని ముందే చెప్పండి. హైదరాబాద్ టీచర్లెవరైనా చదువుతుంటే, మీకు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ గుండ్లు ఉన్నాయి. వాటి పైపొర ఉల్లిపొరలా ఎందుకు ఊడుతుందో పిల్లల్నే చూసి చెప్పమనండి. సైట్‌లో ఎర్త్‌క్యాష్‌గా నమోదు చేయాలంటే స్థలం చూసుకునేవాళ్ల అనుమతి కావాలి. క్లాసు వరకే అయితే ఫోన్లో ఒక పిన్, ఒక ప్రశ్నల కాగితం చాలు.

ప్రశ్న: అమెరికా నుంచి వస్తున్న మా తమ్ముడు క్యాష్‌లు వెతకడానికి శాటిలైట్ మెసేజ్ పంపే చేతి పరికరం తెస్తానంటున్నాడు. తేవచ్చా? – తిరుపతి పాఠకుడు

జవాబు: వద్దని ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. ఉపగ్రహం ద్వారా మాట్లాడే, మెసేజ్ పంపే పరికరాలు మన దేశంలో అనుమతి లేకుండా దగ్గరుంచుకోవడం నేరం. విమానాశ్రయాల్లో ఇలా పట్టుబడి ఇబ్బంది పడిన విదేశీ యాత్రికులు ఉన్నారు. ఫోన్ ఒక్కటి చాలు. జీపీఎస్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు. ఆండ్రాయిడ్ అయితే సి:జియో యాప్‌లో, ఇంట్లో వైఫై ఉండగానే మ్యాపు, క్యాష్‌ల జాబితా దింపుకోమనండి. ఒక పవర్ బ్యాంకు, ఒక పెన్సిల్ వెంట తెచ్చుకుంటే సరిపోతుంది. పెన్ను వద్దు, తడి కాగితం మీద రాయదు.