పడమటింటి వాళ్ల ఆచూకీ

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. మీ పక్కన పడమటి వైపున్న ఇంటి గోడలో రావిమొక్క బాగానే లేచింది. చూరు విరిగి వాననీళ్లన్నీ మీ వంటింటి గోడ మీదే పడుతున్నాయన్నావు. మీ అత్తగారు కాపురానికొచ్చేనాటికి ఆ ఇంట్లో ఒక ముసలావిడ ఉండేదట, ఆవిడ పోయాక పడిన తాళం మళ్లీ తీసినవాళ్లు లేరట.

"ఎవరిదో ఆన్‌లైన్‌లో తెలుస్తుందా మావయ్యా?" అని అడిగావు. అంత తేలిగ్గా తెలియదు. మీభూమి సైట్లో కనపడే అడంగల్, 1బీ రికార్డులు పొలాలకి. ఊళ్లో ఇళ్లున్న చోటంతా గ్రామకంఠం, అక్కడ ఇంటింటికీ విడిగా సర్వే నంబరు ఉండేది కాదు. 2020 తర్వాత డ్రోన్లతో ఇళ్లు కూడా కొలవడం మొదలుపెట్టారు. మీ ఊళ్లో అయిందేమో సచివాలయంలో అడిగి చూడు. కానీ తాళం వేసిన ఇంటికి పేరు కావాలంటే ఆ కొలిచేవాళ్లయినా పక్కింటివాళ్లనే అడగాలి కదా!

ముప్పై ఏళ్లు రిజిస్ట్రారాఫీసు ఎదుట పాకలో కూర్చుని దస్తావేజులు రాసినవాణ్ణి. నా మాట విని ముందు మీ బీరువా తెరువు. మీ మామగారి పేరున ఉన్న దస్తావేజు తీసి, చివర ఆస్తి వివరాలు రాసే షెడ్యూలు చదువు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని నాలుగు హద్దులు రాసి ఉంటాయి. పడమర హద్దు దగ్గర "ఫలానా వారి ఇల్లు" అని ఉంటుంది చూడు, నీక్కావలసిన మొదటి పేరు అదే. పక్కవాళ్ల పేరు మన కాగితంలోనే ఉంటుందని చాలామందికి తట్టదు, ఊరంతా తిరుగుతారు. దానికి ముందున్న లింకు దస్తావేజు, అంటే మీకు అమ్మినవాళ్లకి ఆ ఇల్లు వచ్చినప్పటి కాగితం కూడా ఉంటే ఇంకా మంచిది. అందులో ఆ ఇంటి తాతగారి పేరు దొరుకుతుంది. తాత పేరూ, ఇంటిపేరూ తెలిస్తే మన వైపు ముసలాళ్లు మిగతా వంశవృక్షమంతా అరుగు మీద కూర్చునే చెప్పేస్తారు.

ఆ హద్దు దగ్గరే ఇంకో మాట ఉందేమో చూడు. "ఉభయుల ఉమ్మడి గోడ" అనో, "మా స్వంత గోడ" అనో రాసేవాళ్లం. ఆ గోడ మీ స్వంతమని రాసి ఉంటే రావిమొక్క తియ్యడానికి ఎవర్నీ వెతకక్కర్లేదు. మీ అత్తగారు రావిచెట్టు కొట్టకూడదంటారేమో, అది వేరే పంచాయితీ.

రెండోది, ఆ ఇంటి పెరట్లో ఆరు కొబ్బరిచెట్లున్నాయన్నావు. కోనసీమలో ఇల్లు ఖాళీగా ఉంటుంది గానీ కొబ్బరిచెట్టు ఖాళీగా ఉండదమ్మా. నెలన్నరకో రెండు నెలలకో ఎవరో ఒకరు దింపు తీయిస్తూనే, అంటే కాయలు కోయిస్తూనే ఉంటారు. ఈసారి దింపు రోజున ఓ కన్నేసి ఉంచు. చెట్టెక్కిన మనిషిని కాదు, కింద కాయలు లెక్కపెట్టి గుర్తు వేసుకునే మనిషిని చూడు. ఆ డబ్బు ఎవరికి చేరుతోందో అతనికి తెలుసు, ఫోన్ నంబరు కూడా ఉంటుంది. ఎవరికీ చేరకుండా అతని జేబులోనే ఉంటోందనుకో, అప్పుడు నీకేమీ చెప్పడు. అందుకని "కాయలు ఎవరివండీ" అని మొదలుపెట్టకు. "చూరు మా గోడ మీద పడుతోంది, ఎవరికి చెప్పాలండీ" అని అడుగు. మంచినీళ్లిచ్చి అడిగితే ఇంకా మంచిది.

కరెంటు మీటరు దగ్గర గోడ మీద సర్వీసు నంబరు రాసి ఉంటుంది. మీటరు ఊడదీసినా రంగుతో రాసిన నంబరు ఒక్కోసారి మిగులుతుంది. అది లైన్‌మ్యాన్‌కి చూపిస్తే ఏ పేరున ఉందో చెబుతాడు.

ఇక పంచాయతీ. ఇంటి పన్ను డిమాండ్ రిజిస్టరు కార్యదర్శి దగ్గర ఉంటుంది. పక్కింటివాళ్లమని, గోడ సంగతి చెప్పి అడిగితే చాలాచోట్ల పేరు చెబుతారు. చెప్పకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు రాసివ్వు. గ్రామ స్థాయిలో దానికి ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ ఆ రిజిస్టర్లో పేరు కనపడగానే యజమాని దొరికాడనుకోకు. పోయినవాళ్లు చాలామంది అందులో ఇంకా పన్ను కడుతూనే ఉంటారు!

దీనికి నేను డబ్బు కట్టి నేర్చుకున్నాను. మా వెనకిల్లు కొందామని ఒకప్పుడు బుద్ధి పుట్టింది. పన్ను రసీదులు వరుసగా పదేళ్లవి తెచ్చి చూపించాడొకాయన. మర్యాదస్తుడు, కండువా వేసుకుని వచ్చాడు. అయిదు వేలు బయానా ఇచ్చాను. తీరా చూస్తే ఆయన అద్దెకున్నవాడు. ఇంటివాళ్లు ఊళ్లో లేరని పన్ను తనే కడుతుంటే, రసీదులు ఆయన పేరునే పడ్డాయి. ఊరందరికీ దస్తావేజులు రాసేవాణ్ణి, నా దాకా వచ్చేసరికి కాగితం అడగడం మర్చిపోయాను. మీ అత్తయ్య ఇప్పటికీ చుట్టాల ముందు ఆ కండువా కథ చెబుతుంది. పన్ను రసీదు పన్ను కట్టినట్టు చెబుతుంది, అంతే.

హక్కు సంగతి తేలేది రిజిస్ట్రారాఫీసులోనే. ఇంటి నంబరు, నాలుగు హద్దులు, దొరికిన పేరు రాసి ఈసీకి, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల జాబితాకి పెట్టు. 1983 నుంచి జరిగినవి కంప్యూటర్లో వస్తాయి. అంతకుముందువి కావాలంటే పాత ఇండెక్సు పుస్తకాలు తిరగెయ్యాలి. ఫీజు కట్టి ఎవరైనా వెతికించుకోవచ్చు. ఇండెక్సు రెండు రకాలు, ఒకటి పేర్లది, ఒకటి ఆస్తులది. మీకు పేరు తెలుస్తుంది కాబట్టి పేర్లదే పట్టుకో. అప్పట్లో మీ ఊరు వేరే ఆఫీసు కింద ఉంటే ఆ పుస్తకాలు అక్కడే ఉండొచ్చు, ముందు అది కనుక్కుని బయల్దేరు. దస్తావేజు నంబరూ సంవత్సరమూ దొరికితే నకలు తీసుకో.

ఈసీలో ఏమీ లేదని వస్తే గాభరా పడకు. ఆ ఇల్లు ఎవరిదీ కాదని దానర్థం కాదు, ఆ కాలంలో రిజిస్టరైన అమ్మకం గానీ తాకట్టు గానీ లేదని. తండ్రి పోతే పిల్లలకి వచ్చిన హక్కు ఈసీలో కనపడదు, వీలునామా కూడా కనపడదు. ఖాళీగా పడి ఉన్న ఇళ్లలో చాలావాటి కథ ఇదే. తాత పేరున ఉండిపోతుంది. పిల్లల్లో ఒకరు హైదరాబాదులో, ఒకరు మస్కట్‌లో ఉంటారు. ఎవరి వాటా ఎంతో తేల్చుకోలేక తాళం అలా వేలాడుతుంటుంది.

అందుకే ఒక్క కొడుకు దొరికితే చాలనుకోకు. ఆడపిల్లలెందరో అడుగు. తండ్రి వీలునామా రాయకుండా పోతే ఆయన స్వార్జితంలో కూతురికి 1956 నుంచీ వాటా ఉంది. పిత్రార్జితంలో కూడా ఇవ్వాలని మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా "చెల్లెలికి కట్నం ఇచ్చేశాం కదండీ" అంటూ ఆవిడ సంతకం లేకుండా అమ్మజూపినవాళ్లని నేను లెక్కలేనంతమందిని చూశాను.

నంబరు దొరికాక ఫోను నువ్వే చెయ్యి, అల్లుడుగారి చేత చేయించకు. ఆయన రెండో మాటలోనే రేటు అడుగుతారు. అమ్ముతారా అన్నావంటే అన్నదమ్ములంతా ఒక్కసారిగా మేలుకుంటారు, చూరు సంగతి పక్కకి పోతుంది. ముందు ఆ ముసలావిడ గురించి మాట్లాడు. మీ అత్తగారు ఆవిణ్ణి చూశారు కదా, ఫోను అత్తగారికే ఇవ్వు. గోడ ఫోటో పంపి, మొక్క తీయించుకోవచ్చా, చూరు కట్టించుకోవచ్చా అని అడుగు. ఒప్పుకుంటే ఆ మాట వాట్సాప్‌లో రాయించుకో. సంక్రాంతికి వస్తున్నారేమో కనుక్కో. కనుమ నాడు జగ్గన్నతోటలో జరిగే తీర్థానికి, అంటే జాతరకి, ఎక్కడెక్కడివాళ్లూ వస్తారు, వాళ్లూ వస్తే భోజనానికి పిలువు.

ఈలోగా ఎవరో ఒకరు "పన్నెండేళ్లు అనుభవిస్తే మీదైపోతుంది" అని మీ ఆయన చెవిలో ఊదుతారు. అది కోర్టులో రుజువు చేసుకోవలసిన భారం మన మీదే ఉంటుంది. ఊరికే వాడుకున్నంత మాత్రాన ఎవరి ఇల్లూ మనది కాదు. ఆ ఇంటి అరుగు మీద కొబ్బరిమట్ట కూడా ఆరబెట్టకండి. గోడ ఒరుగుతోందని భయంగా ఉంటే పంచాయతీకి అర్జీ రాసిచ్చి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకో.

మీ దస్తావేజు ఫోటోలు తీసి నాకు పంపు. ట్యూబ్‌లైటు కింద తియ్యకు, కాగితం మెరిసి అక్షరం కనపడదు. పగలు అరుగు మీద పరిచి తియ్యి. స్టాంపు కాగితం వెనకవైపు కూడా మర్చిపోకు, సగం సంగతులు అక్కడే ఉంటాయి.

ఇట్లు
మీ మావయ్య