అగ్గిపెట్టెలో ఆరుద్ర పురుగు

బిడ్డకు, పెద్దమ్మ దీవెనలు.

అచ్చంపేట దిక్కు బడిలో చేరావనీ, ఒకటి, రెండు తరగతులు నీకే అప్పజెప్పారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. పిల్లలకి అడవి గురించి, జంతువుల గురించి నేర్పాలని ఉంది కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదన్నావట. నల్గొండ, దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై తొమ్మిదేళ్లు ఈ వయసు పిల్లలతోనే గడిపాను. నాకు తెలిసింది రాస్తున్నా, తీరికగా చదువుకో.

పులితో మొదలుపెట్టకు. మీ పక్కనే అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది, 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. దాని గురించి చెప్పాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ పులులకి ముప్పు ఉందని ఆరేళ్ల పిల్లకి చెబితే ఆ పిల్ల ఏం చేయగలదు? భయపడుతుంది, లేకపోతే 'వన్యప్రాణులను కాపాడాలి' అని బట్టీ పట్టి అప్పజెబుతుంది. ఆ అడవి దిక్కున్న మన్ననూరు, ఫరహాబాద్ తీసుకెళ్లడానికి నాలుగో తరగతి దాకా ఆగు. ఇప్పుడు బడి గోడ దాటకుండా దొరికేవి చాలు.

జూన్‌లో బడులు తెరిచిన పది రోజులకే ఆరుద్ర కార్తె వస్తుంది. మంచి వాన పడిన మర్నాడు ఎర్ర చెలకల్లో మఖమల్ గుడ్డ ముక్కల్లా ఆరుద్ర పురుగులు తేలుతాయి. నీ పిల్లల్లో సగం మంది వాటిని అగ్గిపెట్టెల్లో వేసుకుని వస్తారు. తిట్టకు. ముద్దొచ్చే పట్టుకున్నారు. నా మొదటి ఏడాది నేను తిట్టి, పెట్టెలన్నీ లాక్కుని బల్ల మీద పెట్టి పాఠంలో పడి మర్చిపోయాను. సాయంత్రం తెరిచేసరికి చాలావాటికి ప్రాణం లేదు. ఒక పిల్లవాడు నా మొహంలోకి చూశాడు, ఏమీ అనలేదు. ఆ చూపు ఇప్పటికీ మనసులో ఉంది.

ఆ మరుసటి ఏడు ఇలా చేశాను. వెడల్పాటి పళ్లెంలో ఎర్రమట్టి పరిచి, సగం తడిపి, సగం పొడిగా ఉంచాను. మధ్యలో పురుగుల్ని వదిలి, ఎటు పోతాయో ముందే చెప్పమన్నాను. చెప్పినవాళ్లు చెప్పిన వైపు కూర్చున్నారు. తర్వాత చూశాం. ఏది ఎటు పోయినా ఫర్వాలేదు, ముందు అనుకోవడం, తర్వాత చూడడం, ఆ రెండే కావాలి. అప్పుడు కాళ్లు లెక్కపెట్టమన్నాను. ఎనిమిది! ఈగకి ఆరు, చీమకి ఆరు, దీనికి మాత్రం ఎనిమిది ఎందుకని వాళ్లే అడిగారు. సాలీడు కాళ్లు కూడా లెక్కపెట్టి రమ్మని పంపాను. ఇది ఈగ, చీమల కంటే సాలీడుకి దగ్గర చుట్టమని మర్నాడు వాళ్లు చెబుతుంటే నేను విన్నాను. జవాబు నువ్వు ముందే చెప్పేశావో, ఆ పూటకి పాఠం చచ్చిపోయినట్టే.

మధ్యాహ్న భోజనం గంట కొట్టకముందే పురుగుల్ని తెచ్చిన చోటే వదిలి రావాలి. ఇది మాత్రం ఎవరు బతిమాలినా సడలించకు. అవి ఏడాదిలో ఎక్కువ కాలం నేల లోపలే ఉంటాయి. వానకి తిండి కోసం, జత కోసం పైకొచ్చేది కొద్దిసేపే. ఆ కొద్దిసేపూ మన పెట్టెలో గడిచిపోతే దాని ఏడాది పోయినట్టే అని చెబితే రెండో తరగతి పిల్లలకి బాగా అర్థమవుతుంది.

వానలు పడ్డాక నిమ్మ చెట్టో, కరివేపాకు చెట్టో వెతుకు. లేత ఆకుల మీద పిట్ట రెట్టలా కనిపించే చిన్న పురుగు ఉంటుంది, సీతాకోకచిలుక పిల్ల అది. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటపెడుతుంది, ఘాటు వాసన వస్తుంది. పిల్లలు కేకలు పెడతారు, పెట్టనీ. ఒక్కటంటే ఒక్కటే తెచ్చి గాజు సీసాలో పెట్టు. మూత వద్దు, పలుచని గుడ్డ కట్టు. మూత పెడితే లోపల చెమ్మ పట్టి పురుగు కుళ్లిపోతుంది. రోజూ అదే చెట్టు ఆకు కొత్తది వేయాలి, నిలబడేలా ఒక పుల్ల పెట్టాలి. పురుగు ఆ పుల్లకి సన్నటి దారంతో నడుము కట్టుకుని, లోపల సీతాకోకచిలుక తయారయ్యే ప్యూపా అవుతుంది. ఆ తర్వాత వారం, పది రోజులు ఏమీ జరగనట్టే ఉంటుంది. ఆ రోజుల్లో పిల్లలకి ఓపిక చాలదు. రోజూ ఒకరితో బొమ్మ గీయించు, వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు బోర్డు మీద రాయి. "పుల్ల మీద ఆకు మొలిచింది" అని ఒక పాప అంది. ఆ రోజు తెలుగు పాఠం అదే వాక్యం, అందరూ చదివారు.

ఒక ఏడు ప్యూపాలోంచి సీతాకోకచిలుక రాలేదు. చిన్న రంధ్రం పడి, చీమలంత కందిరీగలు బయటికొచ్చాయి. పిల్లలు ఏడ్చారు. దాచాలని చూడకు. ఆ కందిరీగ తన గుడ్లు అందులో పెట్టిందనీ, దాని పిల్లలకీ తిండి కావాలనీ చెప్పాను. ఏడుపు వెంటనే ఆగలేదు. కానీ మర్నాడు ఒకడొచ్చి "టీచర్, కందిరీగల్ని కూడా వదిలేశాం కదా?" అని అడిగాడు.

జాగ్రత్తల విషయం: రాళ్లు చేత్తో ఎత్తనివ్వకు, మన దిక్కు ప్రతి రాయి కిందా తేలు ఉందనుకోవాలి. వెంట్రుకల గొంగళి పురుగుల్ని ముట్టుకోనివ్వకు. లోపలికి వచ్చాక సబ్బుతో చేతులు కడిగించు. అడవిలోని చెంచు పెంటల (గూడేల) నుంచి వచ్చే పిల్లలు ఉంటే వాళ్లని ముందు నడవనివ్వు. అడుగు గుర్తు చూసి ఏ జంతువో చెప్పే పిల్లలు నా తరగతిలో ఉండేవాళ్లు. అక్షరాలు రావని వెనక బెంచీలో కూర్చోబెట్టినవాళ్లే వాళ్లు. తప్పు మనదే.

"పురుగులతో ఆడుకోవడానికేనా టీచరమ్మా పంపేది?" అని ఎవరో ఒకరు అడుగుతారు. టెన్షన్ పడకు. ఒక పూట వాళ్లనే పిలిచి కూర్చోబెట్టు. పిల్లల నోటితో వింటే వాళ్లే చాలాసేపు కదలరు.

ఇక దసరా. మన రాష్ట్ర పక్షి పాలపిట్టని ఆ రోజు చూస్తే మంచిదని, కొందరు పట్టుకొచ్చి పంజరాల్లో పెట్టి డబ్బులు తీసుకుని చూపిస్తారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అది నేరం. ఆరేళ్ల పిల్లకి చట్టం చెప్పనక్కర్లేదు, అగ్గిపెట్టె గుర్తుచేస్తే చాలు. పండగకి వారం ముందు నుంచి ఇంటికి వెళ్తూ కరెంటు తీగల మీద వెతకమను. కూర్చుంటే మట్టి రంగు, ఎగిరితే రెక్కల నిండా నీలం. తీగ మీద నుంచి నేల మీది మిడతని చూసి ఎలా దూకుతుందో గమనించమను. నా దగ్గర చదివిన ఒక పాప పండగనాడు "పంజరంలోది వద్దు తాతా, నేను చూపిస్తా" అని వాళ్ల తాతని చెలక గట్టు దాకా నడిపించుకుపోయింది. ఆయనకి మోకాళ్ల నొప్పులు. గంటసేపు నిలబడ్డారట. చివరికి పిట్ట ఎగిరింది, ఆయన అక్కడే దండం పెట్టుకున్నారు.

నా రెండు భూతద్దాలు, పలుచని గుడ్డ మూట కట్టి ఆదివారం మీ తమ్ముడితో పంపిస్తున్నా. ఒక అద్దం పిడి వదులుగా ఉంది, దారం చుట్టుకో.

మీ పెద్దమ్మ
నల్గొండ