ప్రోగ్రామింగ్‌కి, లినక్స్‌కి ఏ ల్యాప్‌టాప్? పాడవుతుందన్న భయం లేనిది కొనండి

మీరు అడిగింది ఇదీ: సీఎస్ఈలో సీటు వచ్చింది, బడ్జెట్ 70 వేలు, ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలి, లినక్స్ (విండోస్‌కి బదులు వాడే ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవాలి, సీనియర్లేమో గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోమంటున్నారు, తీసుకోవచ్చా?

వద్దు. ఓ 25 వేలలో ఏదో ఒక ఐటీ కంపెనీ వాడి వదిలేసిన లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 తీసుకోండి. మిగిలింది నాన్నగారికి తిరిగి ఇచ్చేయండి. సీనియర్లు నవ్వితే నవ్వనివ్వండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, రెండు రకాలూ పక్కపక్కనే పెట్టి చూశాను. మా అక్క కొడుకూ, హాస్టల్లో వాడి రూమ్మేటూ ఒకే బ్రాంచిలో చేరారు. మావాడికి నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, సీటీసీ అనే కంప్యూటర్ షాపుల కాంప్లెక్స్‌లో పాత టీ480 ఇప్పించాను. మూత మీద ఏదో కంపెనీ అసెట్ స్టిక్కర్ పీకేసిన జిగురు మరక ఇప్పటికీ ఉంది. మా బావగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "అంత ఫీజు కట్టి పంపిస్తూ, దీన్ని పట్టుకెళ్లమంటావా?" అన్నారు. రూమ్మేట్‌కి వాళ్ల నాన్న ఈఎంఐ మీద 85 వేల గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిచ్చారు. కీబోర్డు కింద రంగుల లైట్లు, రెండున్నర కేజీల బరువు, ఇటుకంత ఛార్జరు.

మొదటి సెమిస్టర్‌లో ఒక రాత్రి మావాడు వీడియో కాల్ చేశాడు. "మావయ్యా, వీడి ల్యాప్‌టాప్ ఏదో నంబర్ అడుగుతోంది" అంటూ ఫోన్ తిప్పి చూపించాడు. నీలం తెర. డిస్క్‌కి విండోస్ వేసే తాళం ఉంటుంది, బిట్‌లాకర్ అని, దాని రికవరీ కీ కొట్టమంటోంది. 48 అంకెలు. ఆ అబ్బాయి యూట్యూబ్‌లో చూసి ఉబుంటు అనే లినక్స్ వేద్దామని బయోస్‌లోకి (విండోస్ లేవకముందు వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్లి, నమ్మకమైన సిస్టమ్‌నే లేవనిచ్చే సెక్యూర్ బూట్‌ని ఆపేశాడట. మర్నాడు సబ్మిషన్, ప్రోగ్రాములన్నీ అందులోనే.

"ఏ మెయిల్‌తో లాగిన్ అయ్యావు నాన్నా? కీ ఆ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది" అన్నాను.

"నేను చేయలేదంకుల్. షాపులోనే సెట్ చేసి ఇచ్చారు."

షాపు కుర్రాడు అప్పటికప్పుడు ఏదో ఒక మెయిల్ ఐడీ పుట్టించి, నోటికొచ్చిన పాస్‌వర్డ్ పెట్టి, నెక్స్ట్ నెక్స్ట్ అని నొక్కేసి చేతిలో పెట్టాడు. ఆ 48 అంకెలూ ఎవరికీ గుర్తులేని ఆ అకౌంట్‌లో పడి ఉన్నాయి. పిల్లాడి గొంతు వణుకుతోంది. కింద కీబోర్డు లైట్లు మాత్రం ఎరుపు, పచ్చ, ఊదా అని తీరిగ్గా మారుతున్నాయి.

నిజానికి ఇందులో పెద్ద గండమేమీ లేదు. తాళంచెవి ల్యాప్‌టాప్ లోపలే టీపీఎం అనే భద్రతా చిప్ దగ్గర ఉంటుంది. బూట్ సెట్టింగ్ మారితే అనుమానపడి ఇవ్వదు, ఎప్పటిలా పెడితే ఇచ్చేస్తుంది. సెక్యూర్ బూట్ మళ్లీ ఆన్ చెయ్యమన్నాను. విండోస్ లేచింది. వెంటనే కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ కీ తెప్పించాను. మావాడు చదువుతుంటే ఆ అబ్బాయి ల్యాబ్ రికార్డు వెనక అట్ట మీద రాసుకున్నాడు. మీరు ఏ ల్యాప్‌టాప్ కొన్నా సరే, మైక్రోసాఫ్ట్ అకౌంట్ మీ సొంత మెయిల్‌తో, మీ చేత్తోనే చేసుకోండి. షాపువాణ్ని ముట్టుకోనివ్వకండి.

ఆ తర్వాత ఆ అబ్బాయి లినక్స్ మాటెత్తలేదు. వాణ్ని తప్పుపట్టలేను. 85 వేల వస్తువు, వాయిదాలు ఇంకా కడుతున్న తండ్రి, ఎవడు వేలు పెడతాడు? దాంట్లో ఇప్పుడు సినిమాలు, గేములు నడుస్తున్నాయి. మావాడేమో ఈలోపు పైథాన్ వెర్షన్ పాతదని లినక్స్ తన పనులకి వాడుకునే సిస్టమ్ పైథాన్‌నే పీకేసి, దానితోపాటు డెస్క్‌టాప్ మొత్తం ఊడగొట్టుకున్నాడు. ఇంకోసారి ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (ఏ డిస్క్ ఎక్కడ తగిలించాలో చెప్పే ఫైలు) తప్పు లైను రాసి మెషీన్ లేవకుండా చేశాడు. ప్రతిసారీ పెన్‌డ్రైవ్ పెట్టి మెస్‌కి వెళ్తే, తిని వచ్చేసరికి మింట్ (వాడు వాడే లినక్స్) మళ్లీ ఎక్కి ఉండేది. సొంత ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్‌కి డిస్క్‌లో వేరే భాగం, అంటే పార్టిషన్, ఎందుకు పెట్టుకోవాలో నేను చెబితే వినలేదు గానీ, రెండోసారి ఫైళ్లు పోయాక తనే పెట్టుకున్నాడు.

గేమింగ్ మెషీన్ల మీద నా అసలు గొడవ గ్రాఫిక్స్ కార్డుతోనే. 2012లో ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీలో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్, లినక్స్‌కి సహకరించడం లేదని, ఆ కార్డులు చేసే ఎన్విడియాకి సభలోనే మధ్యవేలు చూపించాడు. 2022లో ఎన్విడియా వాళ్లు తమ లినక్స్ డ్రైవర్‌లోని కెర్నల్ మాడ్యూళ్ల సోర్స్ కోడ్ బయటపెట్టారు, పరిస్థితి చాలా మెరుగుపడింది, ఒప్పుకుంటాను. అయినా కొత్తగా నేర్చుకునేవాడికి ఇన్‌స్టాల్ చేస్తుండగానే తెర నల్లబడటం, డ్రైవర్‌కి సెక్యూర్ బూట్ కీ ఎన్‌రోల్ చేయమనడం, రెండు గ్రాఫిక్స్ మధ్య బ్యాటరీ కరిగిపోవడం, ఇవన్నీ ఎందుకు? మెషీన్ లెర్నింగ్‌కి కార్డు కావాలంటారు. ఫస్టియర్‌లో మీరు చేసే మెషీన్ లెర్నింగ్‌కి గూగుల్ కోలాబ్‌లో (బ్రౌజర్‌లోనే కోడ్ నడిపే సేవ) ఉచితంగా ఇచ్చే టీ4 జీపీయూ, అంటే అద్దె లేని గ్రాఫిక్స్ కార్డు, చాలు. మూడో ఏడాదికి చాలకపోతే, అప్పటి కార్డు అప్పుడు కొనుక్కుందురు గాని.

ఇంతకీ ఇంత కష్టపడి కొన్న మెషీన్ మీద కాలేజీ చెప్పేదేమిటి? టర్బో సీ! ముప్పై ఏళ్లకు పైగా పాతబడిన కంపైలర్‌ని డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాములు నడిపేది) కూర్చోబెట్టి, వాయిడ్ మెయిన్, క్లియర్‌స్క్రీన్ అని ఇప్పటికీ ల్యాబుల్లో రాయిస్తున్నారు. పిల్లాడు రూముకి వచ్చి అదే ప్రోగ్రాం లినక్స్‌లో వాడే జీసీసీ కంపైలర్‌కి ఇస్తే కోనియో.హెచ్ అనే ఫైలే లేదంటుంది. దాంతో లినక్స్‌లో ఏదో లోపం ఉందనుకుంటాడు. మావాడి ల్యాబ్‌లో జీసీసీలో రాసుకొచ్చినందుకు మార్కులు తగ్గించారు. మీకూ అదే జరిగితే రెండు రకాలుగానూ రాసి ఉంచుకోండి, ఏం చేస్తాం.

విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉండగా ఇదంతా ఎందుకని అడుగుతారు. ఉద్యోగంలో నేనూ వాడతాను, బాగా పనిచేస్తుంది. కానీ అందులో బూట్‌లోడర్ చెడదు, డ్రైవర్ వెతుక్కోవాల్సిన పని పడదు. నేర్చుకోవాల్సిన వయసులో ఆ అవస్థలు పడాలనే నేనంటాను.

సరే, టీ480 ఎందుకంటే, అది 2018 నాటి మోడల్, ఎక్కువగా ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్‌తో వచ్చింది. అంతకు ముందు తరం వరకు ఈ సన్న ల్యాప్‌టాప్‌లలో ఐ5 అంటే రెండు కోర్లే, 8వ తరంలో నాలుగయ్యాయి. విండోస్ 11 కూడా అధికారికంగా ఆ తరం నుంచే ఒప్పుకుంటుంది. ర్యామ్ స్లాట్లు రెండు, కాబట్టి 8 జీబీతో కొని 16 చేసుకోవచ్చు. 16 మాత్రం చేసుకోండి, ఆండ్రాయిడ్ స్టూడియో, బ్రౌజర్ కలిసి 8 జీబీని మింగేస్తాయి. టీ480ఎస్ అని సన్నది కూడా ఉంటుంది, దాంట్లో కొంత ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, ఒక్కటే స్లాట్. వైఫై ఇంటెల్‌ది, ఏ డిస్ట్రో (ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకం) వేసినా మొదటి నిమిషం నుంచే పనిచేస్తుంది. ఇదేమంత గొప్ప అనకండి. బడ్జెట్ ల్యాప్‌టాప్‌లలో వచ్చే రియల్‌టెక్ 8821సీఈ అనే చిప్‌కి ఉబుంటు 20.04 విడుదలైనప్పుడు అందులో డ్రైవరే లేదు. డ్రైవర్ దించుకోవడానికి నెట్ కావాలి, నెట్ కావాలంటే డ్రైవర్ ఉండాలి. ఎప్పుడైనా అలా ఇరుక్కుంటే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో పెట్టి టెథరింగ్ ఆన్ చేయండి, దారి దొరుకుతుంది.

టీ480 దొరక్కపోతే డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5 కూడా ఆ తరానివే. ఇంట్లో సెకండ్ హ్యాండ్ ససేమిరా అంటే కొత్తదే కొనండి, కానీ ఖాళీ ర్యామ్ స్లాట్ ఉండాలి, విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండకూడదు. "ఏఐ పీసీ" అనే స్టిక్కర్‌కి పైసా ఎక్కువ ఇవ్వకండి.

పాతదానికి షాపుకి వెళ్లేటప్పుడు మింట్ ఎక్కించిన పెన్‌డ్రైవ్ జేబులో ఉండాలి. థింక్‌ప్యాడ్ ఆన్ చేయగానే బయోస్ కోసం ఎఫ్1 నొక్కండి. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడే దండం పెట్టి వచ్చేయండి, కంపెనీ వేసిన ఆ తాళానికి చెవి షాపువాడి దగ్గర ఉండదు, "రేపు తీయించి ఇస్తా"ననే మాట నమ్మకండి. అడగకపోతే ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయండి. వైఫై పట్టిందా, కీలన్నీ పడుతున్నాయా, కెమెరా, స్పీకర్ చూడండి. మింట్‌లోని పవర్ స్టాటిస్టిక్స్‌లో, టీ480కి ఉండే రెండు బ్యాటరీలకీ, అసలు సామర్థ్యం ఎంత, ఇప్పుడెంత అని పక్కపక్కనే కనిపిస్తుంది. లోపలిది 24 వాట్ అవర్లు, వెనకది ఊడదీసేది. వెనకది సగానికి పడిపోయి ఉంటే ధర తగ్గించమనండి, మార్చుకోవడానికి స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. స్క్రీన్ 1366 బై 768 అయితే వద్దు, ఆ మోడల్‌లో అవీ వచ్చాయి, కోడ్ చదవలేరు. టైప్-సీ పోర్టులు రెండింట్లోనూ ఛార్జర్ పెట్టి చూడండి. ఆ రెంటిలో ఒకటి థండర్‌బోల్ట్ పోర్టు, దాని ఫర్మ్‌వేర్‌లో ఒక లోపం వల్ల కొన్నింటిలో అది చచ్చిపోయేది, దానికి లెనోవో అప్‌డేట్ ఇచ్చింది, కొన్న రోజే వేసేయండి. ఛార్జర్ 65 వాట్లదేనా చూసుకుని, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి.