కౌలురైతు పన్ను కట్టడా? లోటుకు పథకాలే కారణమా?

"పన్ను కట్టేది ఉద్యోగులు, పథకాలు తినేది మిగతావాళ్లు" అని అమలాపురం వైపు చాలామంది అంటుంటారు. అది సరికాదు. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు, నిజమే. కానీ కౌలురైతు దమ్ము చేయించే ట్రాక్టరులో పోసే ప్రతి లీటరు డీజిలు మీదా కేంద్రానికి ఎక్సైజు సుంకం, రాష్ట్రానికి వ్యాట్ అనే అమ్మకం పన్ను పోతున్నాయి. పైగా ఏడాదికి 6,000 రూపాయలిచ్చే పీఎం కిసాన్ అతనికి రాదు. పొలం అతని పేరున ఉండదు కదా! నాకు బాధ కలిగించేది ఇదే.

ఇక లోటు, అంటే ప్రభుత్వ రాబడిని మించిన ఖర్చు సంగతి. అది పథకాల వల్లేనంటారు. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాల్లో మొత్తం ఖర్చు 50.65 లక్షల కోట్లు. అందులో 12.76 లక్షల కోట్లు పాత అప్పుల వడ్డీకే. వడ్డీ ఆపలేరు కాబట్టి కోత మాటెత్తగానే పథకాల మీద పడతారు. అప్పులన్నీ ఒకటి కావు కూడా: రోజువారీ ఖర్చుకు చేసే అప్పు వేరు, 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టలా పంటగా, శిస్తుగా తిరిగొచ్చే ఖర్చుకు చేసే అప్పు వేరు.