అవకలజం సున్నా అయ్యాక ఆగిపోకు

చి. సౌమ్యకు ఆశీస్సులు.

గరిష్ఠ, కనిష్ఠ వైశాల్యాల లెక్కల్లో అవకలనం, అంటే ఎక్స్‌తో పాటు వైశాల్యం మారే రేటును (అవకలజాన్ని) కనుక్కోవడం, నీకు బాగానే వస్తోందమ్మా. మార్కులు పోయేది దానికి ముందూ, తర్వాతా.

ముందు సంగతికి కిటికీ లెక్క చూడు. దీర్ఘచతురస్రం మీద అర్ధవృత్తం, చుట్టుకొలత 20 అడుగులు. ఆ రెండింటి మధ్య ఉన్న అడ్డగీత చుట్టుకొలతలోకి రాదు. దాన్ని కలిపేస్తే ఇక ఎంత శుభ్రంగా చేసినా జవాబు తప్పే. అందుకే బొమ్మ గీసి, లెక్కలోకి వచ్చే అంచును పెన్సిల్‌తో దిద్దు. వ్యాసార్ధం ఎక్స్, నిలువు భుజం వై అయితే 2ఎక్స్ + 2వై + πఎక్స్ = 20. ఇందులోంచి వై తీసి వైశాల్యంలో పెట్టు: 20ఎక్స్ − 2ఎక్స్² − πఎక్స్²/2. ఒకే చలరాశి మిగిలాకే అవకలనం చెయ్యి. అవకలజం సున్నా అయ్యేది ఎక్స్ = 20/(4 + π) దగ్గర, సుమారు 2.8 అడుగులు. వై కూడా అంతే వస్తుంది. వైశాల్యం దాదాపు 28 చదరపు అడుగులు.

తర్వాతి సంగతి ఎక్స్ హద్దులు. 120 మీటర్ల కంచె ఉంది, ఒక వైపు కాలువ కాబట్టి మూడు వైపులే వెయ్యాలి. కాలువకు లంబంగా ఉండే ఒక్కో భుజం ఎక్స్ అయితే వైశాల్యం ఎక్స్(120 − 2ఎక్స్). ఎక్స్ = 30 దగ్గర 1800 చదరపు మీటర్లు. బాగుంది. కానీ గట్టు వెంట చోటు 40 మీటర్లే ఉంటే? 120 − 2ఎక్స్ నలభై దాటకూడదు, అంటే ఎక్స్ 40 నుంచి 60 లోపే. ఆ 30 ఇప్పుడు పనికిరాదు. ఈ హద్దుల మధ్య అవకలజం 120 − 4ఎక్స్ రుణాత్మకం, వైశాల్యం తగ్గుతూ పోతుంది. కనుక ఎక్స్ = 40 దగ్గరే గరిష్ఠం, 1600.

తీగ లెక్కలో ఇంకో మెలిక. 100 సెం.మీ. తీగను రెండు ముక్కలు చేసి ఒకదానితో వృత్తం, రెండోదానితో చతురస్రం చేయాలి. వృత్తానికి ఎక్స్ ఇస్తే మొత్తం ఎక్స్²/4π + (100 − ఎక్స్)²/16. అవకలజం సున్నా అయ్యేది ఎక్స్ దాదాపు 44 దగ్గర. రెండో అవకలజం (అవకలజానికి మళ్లీ అవకలజం) ఎప్పుడూ ధనాత్మకమే, కాబట్టి అది కనిష్ఠం, సుమారు 350 చ.సెం.మీ. అక్కడ వృత్తవ్యాసం చతురస్ర భుజానికి సమానం, సరిచూసుకోడానికి పనికొస్తుంది. మరి గరిష్ఠం అడిగితే? చాలామంది లేదని రాసేస్తారు. అంత్య బిందువులు, అంటే ఎక్స్ హద్దుల చివర్లు 0, 100 చూడు: అంతా చతురస్రానికిస్తే 625, అంతా వృత్తానికిస్తే సుమారు 796. తీగను తప్పనిసరిగా కోయాలని షరతు ఉంటే మాత్రం ఎక్స్ 100ను చేరలేదు, కాబట్టి గరిష్ఠం నిజంగానే లేదు. ప్రశ్నలో ఆ మాట ఉందో లేదో రెండుసార్లు చదువు.

నీ పెదనాన్న