మఠం చిట్టాపుస్తకం ముందు విప్పు

నెల్లూరు

అమ్మాయీ,

నీవు పంపిన ముప్ఫై పుటలు రెండుసార్లు చదివాను. ఒంగోలు, కందుకూరు ప్రాంతాలలో పనిచేసిన ఒక కతోలిక కన్యస్త్రీల సభ చరిత్రను వారి దస్త్రాల ఆధారంగా రాయాలన్న నీ సంకల్పం నాకు చాలా సంతోషం కలిగించింది. మన వైపు ఆడపిల్లలకు బడులు, పురుటి ఆసుపత్రులు, అనాథశాలలు నడిపిన స్త్రీల గురించి తెలుగులో ఉన్నదే తక్కువ; ఆ ఉన్నదానిలో కూడా ఎక్కువ భాగం జూబిలీ సంచికలలో అచ్చయి, వేడుక ముగియగానే బీరువాలలోకి చేరినది. అయితే నీ రాతలో ఒక విషయం నన్ను ఆపింది. నీ ముప్ఫై పుటలూ సిస్టర్లు క్రానికల్ అని పిలుచుకొనే మఠం దినచర్య పుస్తకం నుంచే పుట్టాయి. ఆ పుస్తకం ఏ వరుసలో చెప్పిందో నీవూ అదే వరుసలో చెప్పావు.

క్రానికల్ ఎలా తయారవుతుందో ముందు తెలుసుకో. మఠంలో ఒక సిస్టరుకు ఆ పని అప్పగిస్తారు. ఎవరు వచ్చారు, ఎవరు బదిలీ అయ్యారు, ఏ పండుగ ఎలా జరిగింది, మేత్రాణులు (బిషప్పుగారు) ఎప్పుడు దర్శించారు, ఎవరు మాటపట్టు (మఠజీవితపు వ్రతం) ఇచ్చారు, ఎవరు కన్నుమూశారు అన్నవి ఆమె రాస్తుంది. పెద్ద మదర్ తనిఖీకి వచ్చినప్పుడు దాన్ని చదువుతుందని ఆమెకు తెలుసు. అందులోని విశేషాలు సభ మూలస్థానమైన మాతృమఠానికి కూడా చేరుతాయని తెలుసు. అలా తెలిసి రాసేవారు అబద్ధం రాయరు గాని, భయాన్నీ తగవునూ అలసటనూ అందులోకి రానివ్వరు. చాలా ఏళ్ళ క్రితం ఈ జిల్లాలోనే ఒక పాత మఠంలో కూర్చుని, ఒక సంవత్సరపు వేసవి గురించి క్రానికల్‌లో ఉన్న మాటను నమ్మి, ఆ నెల దేవుని కృపవల్ల ప్రశాంతంగా గడిచిందని నేను వ్యాసంలో రాశాను. అది అచ్చయింది. నాలుగేళ్ళ తర్వాత వేరే పనిమీద అదే మఠానికి వెళ్ళినప్పుడు ఒక సిస్టరు బీరువా అడుగు అర నుంచి రోజువారీ ఖర్చులు రాసిన పాత చిట్టాపుస్తకాలు తీసి చూపించింది. అదే నెల పేజీలో జ్వరపు మందు క్వినైన్ మామూలు కంటే మూడింతలు కొన్నట్టు ఉంది. దాని కింద వడ్రంగి కూలి, రెండు చిన్న పెట్టెలకు పలకలు, మేకులు. ఆ పెట్టెలు ఎందుకో తెలుసుకోవడానికి మందులశాల రిజిస్టరు తిరగేయవలసి వచ్చింది. అనాథశాలలోని ఇద్దరు పిల్లలు ఆ నెలలో జ్వరంతో పోయారు.

ఆ వాక్యం రాసిన సిస్టరు నిజాన్ని దాచిందని నేను అనుకోను. బహుశా ఆ పిల్లల గురించి రాయడానికి ఆమెకు చెయ్యి ఆడలేదేమో. ఇది నా ఊహ మాత్రమే, నీకు రాసే ఉత్తరంలో చెప్పగలను గాని పుస్తకంలో రాయను. పుస్తకంలో రాయవలసినది క్రానికల్ ఏమి చెప్పిందో, చిట్టా ఏమి చెప్పిందో, రెండింటి మధ్య ఎంత దూరం ఉందో అంతే. ఆ వ్యాసంలోని తప్పును తర్వాత సవరించాను గాని, మొదట చదివిన వారందరికీ ఆ సవరణ చేరలేదు. ఆ ఇద్దరు పిల్లల విషయం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకే ఏ మఠానికి వెళ్ళినా చిట్టా, ఆవర్జాలు (పద్దుల వారీ లెక్కల పుస్తకాలు) ముందు అడుగు. వాటిని రాసిన వారికి చరిత్ర రాస్తున్నామన్న స్పృహ లేదు, అణా పైసలు సరిపోవాలన్న తాపత్రయమే ఉంది. పలకలు, బలపాలు ఎన్ని కొన్నారో చూస్తే బడిలో పిల్లలు ఏ ఏడు పెరిగారో తెలుస్తుంది. జొన్నలు కొనే మఠం ఎప్పటి నుంచి బియ్యం కొన్నదో, కిరసనాయిలు ఖర్చు ఏ నెలలో ఆగి కరెంటు బిల్లు మొదలైందో తెలుస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, క్రానికల్‌లో ఎక్కడా కనిపించని మన ఆడవాళ్ళు అక్కడ కనిపిస్తారు. నీళ్ళు మోసినామె, పిల్లలను చూసుకున్న ఆయా, వంటామె, పురుళ్ళకు తోడు వెళ్ళిన మంత్రసాని, వీళ్ళ జీతాలు నెలనెలా రాసి ఉంటాయి. కొన్నిచోట్ల పేరు ఉంటుంది, కొన్నిచోట్ల పని పేరు మాత్రమే ఉంటుంది. పేరు లేనిచోట నీవు పేరు పెట్టవద్దు. పదకొండేళ్ళపాటు ఒకే జీతం మీద నీళ్ళు మోసిన ఒక స్త్రీ అక్కడ ఉండేదని చెప్పగలిగితే ఆమెకు నీ పుస్తకంలో చోటు దొరికినట్టే.

ఈ విషయం గుంటూరు ఉదాహరణతో ఇంకా బాగా అర్థమవుతుంది. 1822లో నెదర్లాండ్స్‌లో పుట్టిన యేసు మరియ జోసఫ్ సభ సిస్టర్లు 1904లో గుంటూరు వచ్చారు. 1920లో ఆస్ట్రేలియా నుంచి డాక్టర్ మేరీ గ్లోరీ వచ్చి అదే సభలో చేరింది. మఠకన్యలు వైద్యం చేయడాన్ని, ముఖ్యంగా పురుళ్ళు పోయడాన్ని తిరుసభ (కతోలిక చర్చి) నియమాలు ఒప్పుకోని కాలంలో ఆమె పోపుగారి ప్రత్యేక అనుమతితో వైద్యం చేసింది. ఆ నిషేధాన్ని రోమ్‌లోని తిరుసభ అధికారులు సడలించినది 1936లో. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘాన్ని ఆమె స్థాపించింది, 1957లో కన్నుమూసింది. ఆమె స్వయంగా రాసుకున్న జీవిత వృత్తాంతం, ఉత్తరాలు మిగిలి ఉన్నాయి కనుక ఆమె మనకు స్పష్టంగా కనిపిస్తుంది. ఆమె వద్ద మందులు కలపడం, పురుళ్ళు పోయడం, నర్సు పని నేర్చుకున్న తెలుగు అమ్మాయిలు కూడా ఉన్నారు. ఆ అమ్మాయిలు ఏ ఊళ్ళకు వెళ్ళారు, ఎన్ని పురుళ్ళు పోశారు అని అడిగేవారు తక్కువ. ఆ గొప్ప డాక్టరును తగ్గించమని నేను చెప్పడం లేదు, ఆమె గొప్పదే. ఆమె పక్కన నిలబడిన అమ్మాయి ఎవరో వెతకమంటున్నాను. మన ఒంగోలు ఆ రోజుల్లో గుంటూరు జిల్లాలోనే ఉంది కనుక ఇది నీకు దూరపు సంగతి కూడా కాదు.

ఈ మాట రాస్తుంటే నీ పన్నెండో పుట గుర్తుకొచ్చింది. అక్కడ నీవు ‘1935లో ప్రకాశం జిల్లాలో’ అని రాశావు. 1935లో ప్రకాశం జిల్లా లేదు. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు నుంచి అందులోకి వెళ్ళింది. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులోనే ఉండిపోయాయి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలులో ఉన్నాయి. వీటినన్నిటినీ కలిపి 1970లో ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు, 2022లో సరిహద్దులు మళ్ళీ మారాయి. తిరుసభ సరిహద్దులు వేరు. నెల్లూరు మేత్రాసనం (బిషప్పుగారి పాలనలోని ప్రాంతం) మద్రాసు నుంచి విడిపోయినది 1928లో. దాని బాధ్యత మిల్ హిల్ గురువులది. 1940లో గుంటూరు, 1976లో కడప అందులో నుంచి విడిపడ్డాయి. అంటే 1935 నాటి గుంటూరు మఠం గురించిన ఉత్తరం నెల్లూరు పీఠంలో దొరకవచ్చు, 1920 నాటి నెల్లూరు ఉత్తరం మద్రాసులో దొరకవచ్చు. సభ తన మఠాలను విభజించుకున్న ప్రొవిన్సుల హద్దులు ఈ రెండింటితోనూ సరిపోవు. పైగా మాతృమఠానికి వెళ్ళిన నివేదికలు యూరప్‌లో ఉంటాయి. నెదర్లాండ్స్‌లో సభ్యులు తగ్గిపోయిన అనేక సభల దస్త్రాలను ఇప్పుడు సింట్ అగాథా అనే ఊరిలోని పాత మఠంలో ఒకచోట చేర్చి కాపాడుతున్నారు. కాబట్టి ఇక్కడి బీరువాలో కాగితం లేదంటే అది ఎక్కడా లేదని తీర్మానించుకోవద్దు.

ఒక చిన్న హెచ్చరిక. ఒంగోలులో ‘మిషన్’ అన్న మాట వినగానే అది కతోలిక మిషన్ అనుకోకు. అక్కడ పాతవారి నోట ఆ మాటకు అమెరికన్ బాప్టిస్టు మిషన్ అన్నదే అర్థం. 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని చేయించిన క్లౌ దొరగారి మిషన్ అది. నీ ఏడో పుటలోని ముసలాయన చెప్పినది ఆ మిషన్ గురించేనని నా అనుమానం. మళ్ళీ వెళ్ళి అడుగు.

సిస్టర్ల పేర్లతో నీకు కష్టం తప్పదు. నొవిషియేట్‌లో (మఠజీవితపు తొలి శిక్షణలో) చేరేటప్పుడు కొత్త పేరు ఇచ్చేవారు, ఇంటిపేరు అక్కడితో పోయేది. రెండవ వాటికన్ మహాసభలో, 1965లో మఠజీవితం మీద వెలువడిన డిక్రీ సభలన్నిటినీ తమ స్థాపకుల మూలాలకు తిరిగి వెళ్ళమని కోరింది. చాలా సభలు తమ పాత కాగితాలను దుమ్ము దులిపి చదివినది అప్పుడే. ఆ సంవత్సరాలలోనే చాలామంది సిస్టర్లు జ్ఞానస్నానపు పేరుకు తిరిగి వచ్చారు. అందుచేత 1960లో ఒక పేరుతో, 1970లో మరో పేరుతో కనిపించే ఇద్దరు ఒకరే కావచ్చు. దీన్ని తేల్చడానికి ఒక దారి ఉంది. మఠంలో చేరే అమ్మాయి తన విచారణ (పారిష్, అంటే తన ఊరి గుడి పరిధి) నుంచి జ్ఞానస్నాన పత్రం తేవాలి. అది ఆమె వ్యక్తిగత ఫైలులో ఉంటుంది, అందులో తండ్రి పేరు, ఊరు ఉంటాయి. ఆ ఊరి గుడికి వెళ్ళి జ్ఞానస్నానాల పుస్తకం చూస్తే, కొన్నిసార్లు ఆమె పేరు పక్కన అంచులో నిత్య (జీవితాంతపు) మాటపట్టు తేదీ కనిపిస్తుంది. 1983 నాటి తిరుసభ శాసనం అలా రాయమంటుంది. 1917 నాటి పాత శాసనం ఘనమైన మాటపట్టుకు మాత్రమే ఆ నియమం పెట్టింది. బడులు, ఆసుపత్రులు నడిపే సభలలో చాలామందిది సామాన్య మాటపట్టు. కనుక పాత పుస్తకంలో అంచు ఖాళీగా ఉంటే ఆమె మఠం విడిచి వెళ్ళిందని రాయకు. ఆ పుస్తకాలు లాటిన్‌లో ఉంటాయి, భయపడకు, వాడే మాటలు ఇరవైకి మించవు. ఊరి పేర్లే ఇబ్బంది. నెదర్లాండ్స్ నుంచి వచ్చిన డచ్చివారు ‘ఉ’ ధ్వనికి ఓ (o), ఈ (e) అనే రెండు ఆంగ్ల అక్షరాలు కలిపి రాస్తారు; గూడూరు లాంటి పేరు వారి చేతిలో గుర్తుపట్టలేనట్టు మారుతుంది. బిగ్గరగా చదువు, చెవికి తెలుస్తుంది.

ఇక నేను కొంచెం కఠినంగా చెప్పవలసిన మాట. నీ ఇరవై రెండో పుటలో 1940ల నాటి జ్ఞానస్నానాల పుస్తకం నుంచి తొమ్మిది కుటుంబాల పేర్లు, ఊళ్ళు, కులాలు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశావు. వాటిని తీసివేయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల గుర్తింపు ఉండదు. మన రాష్ట్రంలో వారిని వెనుకబడిన తరగతులలోని సీ విభాగంగా (బీసీ-సీగా) లెక్కిస్తారు. తాత పేరు నీ పుస్తకంలో చూసి మనవడి షెడ్యూల్డు కులపు ధ్రువపత్రం మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే, ఆ ఇంటి చదువు, ఉద్యోగం ప్రమాదంలో పడతాయి. ఆ తొమ్మిది పేర్లు లేకపోతే నీ అధ్యాయానికి వచ్చే నష్టం ఏమీ లేదు. అలాగే ఊయలలో వదిలివెళ్ళిన పిల్లల రిజిస్టరు, మఠం విడిచిన సిస్టర్ల కారణాలు, జబ్బుల వివరాలు నీకు చూపించినా, నమ్మకంతో చూపించారని గుర్తుంచుకుని చదువు. ఆ కాలపు తీరు చెప్పడానికి మనిషిని గుర్తుపట్టే ఆనవాలు అవసరం లేదు.

అనుమతి కోసం స్థానిక మఠం సుపీరియర్‌ను ఇబ్బంది పెట్టకు, ఆమెకు ఆ అధికారం ఉండదు. ప్రొవిన్సు మఠాలన్నిటికీ పెద్ద అయిన ప్రొవిన్షియల్‌కు ఉత్తరం రాయి. ఏ సంవత్సరాలు, ఏ పుస్తకాలు, ఎందుకు అన్నది స్పష్టంగా చెప్పు. చర్చి దస్త్రాలు తిరుసభ సంపదే కాక సమాజ స్మృతి కూడా అన్న భావంతో 1997లో రోమ్ నుంచి ఒక లేఖ వచ్చింది. ఆ లేఖను మర్యాదగా ప్రస్తావించవచ్చు. రాతప్రతి చూపించమని వారు అడిగితే తేదీలు, పేర్లు సరిచూడటానికి చూపించు. తీర్పులు మార్చమంటే వినయంగా కాదను.

కాగితాలు పట్టుకోవడం కూడా నేర్చుకోవాలి. మన సముద్రపు గాలికి ఇనుప గుండుసూదులు తుప్పుపట్టి కాగితాన్ని తింటాయి. 1927 తుఫానులాంటివి తడిపి వదిలిన పుటలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిని గోటితో విడదీయకు. పెన్ను సంచిలోనే ఉంచి పెన్సిల్ వాడు. చిరిగిన పుటకు ప్రేమతో సెల్లోటేపు వేసిన సిస్టర్లను, లామినేషన్ చేయిస్తామనే వారిని చూస్తావు; అది కాగితాన్ని చంపుతుందని నెమ్మదిగా చెప్పు. పాతకాలం వారు వేపాకు, వసకొమ్ము వేసి ఎర్రగుడ్డలో కట్టిన మూటలు చాలాచోట్ల ఇనుప బీరువాలోని ఫైళ్ళకంటే బాగా నిలవడం నా కళ్ళతో చూశాను.

మాట్లాడగలిగిన వృద్ధ సిస్టర్లను ఆలస్యం చేయకుండా కలుసుకో. మధ్యాహ్నం విశ్రాంతి తర్వాత, సాయంకాల ప్రార్థనకు ముందు వారికి ఒక గంట తీరిక ఉంటుంది. క్రానికల్‌లో ఏముందని అడిగితే నీకు తెలిసినదే చెబుతారు. చిట్టాలో నీవు చూసిన ఒక వస్తువు గురించి అడుగు. నేను ఒకసారి ఒక పెద్ద సిస్టరును నెలనెలా కొన్న తెల్ల దారపు ఉండల గురించి అడిగాను. ఆమె చాలాసేపు నవ్వి, తర్వాత కన్నీళ్ళు పెట్టుకుని, ఆ దారంతో రాత్రిపూట అనాథ పిల్లల చొక్కాలు కుట్టిన నలుగురు సిస్టర్ల పేర్లు చెప్పింది. ఆ నలుగురిలో ముగ్గురు ఏ క్రానికల్‌లోనూ నాకు కనిపించలేదు.

వచ్చే నెల మొదటి శనివారం సంతపేట పెద్దగుడి దగ్గరకు ఉదయం పదింటికి రా. 1935 నాటి ఉత్తరాలు చూడటానికి నేను కూడా అనుమతి అడిగాను, ఇద్దరం కలిసి చదువుదాం. ఆలోగా పన్నెండో పుట, ఇరవై రెండో పుట మళ్ళీ రాసి పంపు. మిగతావి అలాగే ఉంచు; నీ వాక్యం చక్కగా నడుస్తోంది.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి